ఎయిర్‌బ్యాగ్ లైట్ ఆరడం లేదు, హారన్ మోగడం లేదు: పాత కారుకి క్లాక్ స్ప్రింగ్ మార్చాలా? (గుంటూరు – విజయవాడ)

బ్రాడీపేట_4/14

అందరికీ నమస్కారమండీ. కారు 2011 మోడల్ పెట్రోల్, ముందు రెండు ఎయిర్‌బ్యాగులున్న టాప్ వేరియంట్. బ్రాండ్ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే రేపటికి అసలు విషయం పక్కకు పోయి ఏ కంపెనీ గొప్పదో తేల్చే తగాదా మిగులుతుంది. గుంటూరు నుంచి విజయవాడకి రోజూ తిరిగే బండి. కాజ టోల్‌గేట్ దగ్గర నాకంటే నా కారునే ఎక్కువ గుర్తుపడతారు.

పోయిన నెల స్టీరింగ్ ర్యాక్‌లో (స్టీరింగ్ తిప్పితే ముందు టైర్లని తిప్పే భాగం) చప్పుడు వస్తుంటే ఒక షెడ్డులో దింపించి బాగు చేయించాను. ర్యాక్ పని బాగానే చేశారు. కొద్ది రోజులకే డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైట్ మొదలైంది. ముందు వెలిగి ఆరేది, ఇప్పుడు ఆరడమే మానేసింది. ఆ తర్వాత స్టీరింగ్ మీది వాల్యూమ్ బటన్లు పోయాయి. మొన్న మంగళగిరి దగ్గర రాంగ్ రూట్లో వచ్చిన ఆటోకి హారన్ కొడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. యూటర్న్ తీసుకునేటప్పుడు స్టీరింగ్ లోపల గరగరమంటోంది.

ర్యాక్ చేసిన షెడ్డుకెళితే "దానికీ దీనికీ సంబంధం లేదు సార్, బండి పాతదైపోయింది" అన్నారు. ఇంకో చోట స్టీరింగ్ మొత్తం మార్చాలన్నారు. మూడో చోట "క్లాక్ స్ప్రింగ్ పోయింది, కంపెనీది తెప్పిస్తే 9 వేలు, బయటిదైతే 2 వేలు" అన్నారు. అసలు ఈ క్లాక్ స్ప్రింగ్ అంటే ఏమిటి? అదే పోయిందని ఎలా తేలుతుంది? బండి అయితే నడుస్తోంది కదా, కొన్నాళ్లు ఇలాగే నెట్టుకురావచ్చా?

స్పానర్_17

హారన్, బటన్లు, ఎయిర్‌బ్యాగ్ మూడూ వరసగా పోయాయంటే తొంభై శాతం అదే. స్టీరింగ్‌లోకి వెళ్లే కరెంటుకి దారి అదొక్కటే. ఆటోనగర్‌లో మాకు ఇది మామూలు కేసు. షెడ్డు వాళ్లు సంబంధం లేదన్నారు చూశారా, అక్కడే నాకు అనుమానం. సాయంత్రం వివరంగా రాస్తాను, ప్రస్తుతం ఒక బండి కింద ఉన్నాను.

కృష్ణలంక_కుర్రాడు

మీటర్ విప్పించి ఆ బల్బు పీకించెయ్ అన్నా, చిటికెలో పని. మా ఫ్రెండ్ అలాగే చేయించి బండి అమ్మేశాడు కూడా.

ఓమ్_మీటర్

అమ్మేశాడు సరే, కొన్నవాడి మాటేమిటి తమ్ముడూ?

పాత కారు కొనేవాళ్లు ఎవరైనా ఈ థ్రెడ్ చూస్తుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైట్ తప్పకుండా వెలగాలి, కొన్ని సెకన్లలో దానంతట అదే ఆరిపోవాలి. అసలు వెలగకపోతే సిస్టమ్ బాగుందని మురిసిపోకండి, ఎవరో బల్బు పీకి ఉండొచ్చు. ఇంకా తెలివైనవాళ్లు ఆ వైరుని పక్కనున్న ఆయిల్ లైట్‌కి కలుపుతారు, రెండూ కలిసి వెలిగి కలిసి ఆరతాయి. కాబట్టి ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు ఏది ఎప్పుడు ఆరుతోందో విడివిడిగా గమనించండి.

పటమట_పెద్దాయన

బాబూ, నెట్టుకురావచ్చా అన్నావు కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను. లైట్ ఆగకుండా వెలుగుతోందంటే ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌కి తన సర్క్యూట్‌లో ఎక్కడో తేడా కనిపించిందని అర్థం. ఆ స్థితిలో గుద్దుకుంటే నీ ముందున్న బ్యాగ్ తెరుచుకుంటుందన్న భరోసా లేదు. కొన్ని కార్లలో సీటుబెల్టుని బిగించే ప్రీటెన్షనర్లతో సహా మొత్తం సిస్టమ్ మూగబోతుంది. ఇంజిన్‌కి దీనితో పని లేదు కాబట్టి బండి నడుస్తూనే ఉంటుంది, అదే మనల్ని మోసం చేసేది. పైగా హారన్ లేకుండా హైవే మీద తిరగడం. మోటారు వాహనాల రూల్స్‌లో హారన్ ఉండి తీరాలని ఉంది. నీ బండికి 15 ఏళ్లు నిండగానే ఆర్‌సీ రెన్యువల్ కోసం ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లాలి, అక్కడ హారన్ కూడా చూస్తారు. ఎలాగూ తప్పని పని, ఇప్పుడే చేయించుకో.

ఇక ఆ క్లాక్ స్ప్రింగ్ సంగతి. స్టీరింగ్ చక్రం తిరుగుతుంది, దాని కింద స్విచ్చులు బిగించిన భాగం తిరగదు. ఈ రెంటి మధ్య మామూలు వైరు లాగితే నాలుగు మలుపులకే మెలిపడి తెగిపోతుంది. అందుకని ఒక గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో పల్చటి రిబ్బన్ కేబుల్‌ని టైలర్ టేపు చుట్టినట్టు చుట్టి పెడతారు. సన్నటి రాగి పట్టీలను పక్కపక్కనే పరిచి, పైనా కిందా ప్లాస్టిక్ పొర అంటించినదే ఆ రిబ్బన్. ఒక కొస కదలని వైపు, ఇంకో కొస స్టీరింగ్ వైపు. ఇటు తిప్పితే చుట్ట బిగుస్తుంది, అటు తిప్పితే వదులవుతుంది. దాని హద్దులో ఉన్నంతకాలం లక్షల సార్లు తిరిగినా ఏమీ కాదు.

మా రోజుల్లో కార్లకి ఇది లేదు. ఒక ఇత్తడి రింగు, దాన్ని తాకుతూ ఒక పిన్ను, హారన్‌కి అంతే. క్షణం కాంటాక్ట్ తప్పితే మళ్లీ నొక్కేవాళ్లం. ఎయిర్‌బ్యాగ్‌కి ఆ వెసులుబాటు లేదు. గుద్దుకున్నాక సెకనులో కొన్ని వందోవంతుల్లోనే బ్యాగ్ పొంగాలి, ఆ సమయంలో కాంటాక్ట్ తప్పితే మళ్లీ నొక్కడానికి ఎవరూ ఉండరు.

కృష్ణలంక_కుర్రాడు

తాతగారూ, మీరు భయపెట్టేశారు. మా బండికి ఎయిర్‌బ్యాగే లేదు, బతికిపోయాను అనుకోవాలా ఏడవాలా?

పటమట_పెద్దాయన

బెల్టు పెట్టుకో నాయనా, మిగతాది తర్వాత.

స్పానర్_17

బండి కింద నుంచి బయటికొచ్చాను.

బ్రాడీపేట సార్, ర్యాక్ దించాలంటే పెడల్స్ దగ్గర స్టీరింగ్ షాఫ్ట్‌కి ఉండే జాయింట్ బోల్టు విప్పాలి. అది విప్పిన క్షణం నుంచి పైన స్టీరింగ్‌కి అడ్డూ ఆపూ ఉండదు. మామూలుగా ర్యాక్ చివర దాకా వెళితే ఆగుతుంది కదా, ఇప్పుడు ఆపేదేమీ లేదు. కుర్రాడు లోపలికి దూరి చెయ్యి ఆనించినా గిర్రున తిరుగుతుంది. అందుకే మేము టైర్లు సూటిగా పెట్టి, సీటుబెల్టు తీసుకుని స్టీరింగ్‌లోంచి దోపి కట్టేస్తాం. లేదా తాళం తీసి స్టీరింగ్ లాక్ పడేలా చేస్తాం. హడావిడిలో ఆ పని చెయ్యని షెడ్లు ఉన్నాయి. ర్యాక్ పని, సస్పెన్షన్‌లో క్రాస్ మెంబర్ (కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం) దించే పని, క్లచ్ పని తర్వాత వచ్చే ఎయిర్‌బ్యాగ్ లైట్లలో చాలావాటి కథ ఇదే.

బ్రాడీపేట_4/14

కానీ ర్యాక్ బిగించాక స్టీరింగ్ సూటిగానే ఉందండీ. బండి తీసుకున్న రోజు లైట్ లేదు, హారన్ మోగింది. అక్కడ తెగి ఉంటే అప్పుడే తెలియాలి కదా?

ఓమ్_మీటర్

ఇది మంచి ప్రశ్న. లెక్క వేసి చూద్దాం. ఉదాహరణకి, ఒక కారు స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి 3.2 చుట్లు తిరుగుతుందనుకోండి. అంటే టైర్లు సూటిగా ఉన్నప్పటి నుంచి అటు 1.6, ఇటు 1.6. క్లాక్ స్ప్రింగ్‌కి నడిమధ్య నుంచి అటూ ఇటూ రెండున్నర చుట్ల చొప్పున ఉందనుకోండి. కావలసినదానికంటే ఎక్కువే.

జాయింట్ విప్పి ఉన్నప్పుడు స్టీరింగ్ సరిగ్గా ఒక చుట్టు తిరిగిపోయింది. మళ్లీ బిగించారు. చూడటానికి స్టీరింగ్ సూటిగానే ఉంది, ఎందుకంటే పూర్తి చుట్టు తిరిగితే బొమ్మ మళ్లీ అదే చోటికి వస్తుంది. కానీ లోపల రిబ్బన్‌కి ఒక వైపు మూడున్నర చుట్లు, ఇంకో వైపు ఒకటిన్నర చుట్టే మిగిలాయి. ఆ వైపు మీకు 1.6 కావాలి. మామూలు రోడ్డు మీద ఏమీ కాదు. ఆ వైపుకి చివరిదాకా తిప్పిన రోజు రిబ్బన్ లాగుడుపడుతుంది, ఇంకోసారి తిప్పితే చిరుగుతుంది, ఆ తర్వాత తెగుతుంది. మీకు గరగర ఏ వైపు యూటర్న్‌లో వస్తోంది?

బ్రాడీపేట_4/14

కుడివైపుకే! ఎడమవైపు చప్పుడు లేదు. అంటే ఇంట్లోంచి బండి రివర్స్ తీసిన ప్రతిసారీ నేనే దాన్ని చేజేతులా లాగుతున్నానన్నమాట.

స్పానర్_17

మీరేం చేస్తారు సార్, స్టీరింగ్ తిప్పడానికేగా ఉంది. ఇప్పటినుంచి పని అయ్యేదాకా కుడివైపు ఫుల్ లాక్ వెయ్యకండి, అంటే చివరిదాకా తిప్పకండి. తెగిన కొస మడతపడి ఎక్కడైనా ఇరుక్కుంటే స్టీరింగ్ బిగదీసినట్టు అవుతుంది.

మిర్చియార్డ్_మావ

ఇంత రామాయణం ఎందుకు? ఎయిర్‌బ్యాగ్ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్) దగ్గర రెండు ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెడితే లైట్ ఆరిపోతుంది. హారన్‌కి విడిగా ఒక బటన్ డాష్‌బోర్డు మీద బిగించుకుంటే సరి. మొత్తం మూడొందల్లో అయిపోతుంది.

ఓమ్_మీటర్

మావా, హారన్‌కి బటన్ పెట్టుకో, తప్పులేదు, పార్ట్ వచ్చేదాకా నేనూ అదే చెబుతాను. రెసిస్టర్ మాత్రం వద్దు. బ్యాగ్‌ని పేల్చే ఇగ్నైటర్ రెసిస్టెన్స్ రెండు ఓమ్‌లకి అటూఇటూగా ఉంటుంది కాబట్టి కంప్యూటర్ దాన్నే బ్యాగ్ అనుకుంటుంది. గుద్దుకున్న రోజు కరెంటు ఆ రెసిస్టర్‌కి పోతుంది, బ్యాగ్ కదలదు. కనీసం లైట్ వెలుగుతుంటే బండిలో కూర్చున్నవాడికి తేడా ఉందని తెలుస్తుంది, నువ్వు చెప్పిన పనితో అదీ పోతుంది. మీ ఇంట్లోవాళ్లు ఎవరో ఆ సీట్లో కూర్చుంటారు మావా.

మిర్చియార్డ్_మావ

సరేలే, నా బండి కాదుగా.

లైన్లో_లారీ

ఆ రిబ్బన్‌ని విప్పి తెగినచోట సోల్డర్ పెడితే కుదరదా? వీడియోల్లో చేస్తున్నారు.

స్పానర్_17

పెట్టొచ్చు, నాలుగు రోజులు పనిచేస్తుంది కూడా. సోల్డర్ పెట్టినచోట రిబ్బన్ బిరుసెక్కుతుంది, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా సరిగ్గా దాని అంచునే వంగుతుంది, అక్కడే మళ్లీ తెగుతుంది. వీడియో తీసినవాడు ఆర్నెల్ల తర్వాత ఇంకో వీడియో పెట్టడుగా. బటన్ల వరకైతే మీ ఇష్టం. ఎయిర్‌బ్యాగ్ పట్టీకి సోల్డర్ పెట్టిన బండి నేను డెలివరీ ఇవ్వను. ఇది మొత్తం యూనిట్‌గా మార్చే వస్తువు, కంపెనీ మాన్యువల్స్‌లోనూ అంతే ఉంటుంది.

అరండల్‌పేట_అక్క

పార్ట్ కొనే ముందు ఒక మాట. మా కారుకీ లైట్ వెలిగితే అందరూ క్లాక్ స్ప్రింగ్ అన్నారు. తీరా స్కాన్ చేయిస్తే డ్రైవర్ సీటు కింద పసుపు రంగు కప్లర్ వదులైంది. సీటు ముందుకీ వెనక్కీ జరుపుతాం కదా, మావారి కాళ్లు పొడుగు, నావి పొట్టి, రోజూ దానికి ఇదే పని. కప్లర్ బిగించి, కంప్యూటర్‌లో పడ్డ తప్పు కోడ్ చెరిపేస్తే పోయింది.

స్కానర్ అంటే ఆన్‌లైన్లో ఏడొందలకి దొరికే బ్లూటూత్ ముక్క చాలదు. అవి ఎక్కువగా ఇంజిన్ కోడ్లే చదువుతాయి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ కోడ్లు చదివే స్కానర్ ఉన్న చోటికే వెళ్లండి. డ్రైవర్ వైపు సర్క్యూట్ ఓపెన్ (ఎక్కడో తెగింది) అని గానీ, రెసిస్టెన్స్ ఎక్కువ ఉందని గానీ వస్తే అప్పుడు క్లాక్ స్ప్రింగ్ వైపు చూడండి.

ఓమ్_మీటర్

అక్క చెప్పింది అక్షరాలా నిజం. హారన్ విషయంలోనూ స్కానర్ లేకుండానే ఒక పరీక్ష ఉంది. హారన్ నొక్కుతూ ఫ్యూజ్ బాక్స్ దగ్గర ఎవరినైనా చెవి పెట్టమనండి. రిలే (హారన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్చు) టక్‌మంటే స్టీరింగ్ నుంచి సిగ్నల్ వస్తోందన్నమాట, అప్పుడు బంపర్ వెనక హారన్‌నో దాని ఎర్త్‌నో చూసుకోవాలి. టక్ లేకపోతే ఫ్యూజ్, రిలే చూసి, ఆ తర్వాత క్లాక్ స్ప్రింగ్‌కి రావాలి.

క్లాక్ స్ప్రింగ్ విప్పి చేతిలోకి తీసుకున్నాక మల్టీమీటర్‌తో ఒక్కో పట్టీ కంటిన్యుటీ (ఈ కొస నుంచి ఆ కొసకి కరెంటు వెళుతోందా అని) చూడొచ్చు. రెండు వైపుల కప్లర్లూ పీకి ఉండాలి. మీటర్ పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. ఒక చోట చూపించి ఇంకో చోట పోతే పట్టీ చిరిగినట్టే. ఎయిర్‌బ్యాగ్ యూనిట్ మీదున్న పిన్నులకి మాత్రం మీటర్ గానీ టెస్ట్ ల్యాంప్ గానీ ఎప్పుడూ పెట్టకండి. మీటర్‌లోంచి కూడా కరెంటు వస్తుంది, దాన్ని పేల్చడానికి పెద్ద కరెంటేమీ అక్కర్లేదు.

బ్రాడీపేట_4/14

స్కాన్ చేయించాను. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్ ఓపెన్ అని వచ్చింది. రిలే టక్‌మనడం లేదు, ఫ్యూజ్ బాగుంది. ఇక అనుమానం లేదు. పార్ట్ ఎక్కడ తీసుకోవాలి? ఎవరి దగ్గర చేయించాలి? షాపు పేర్లు చెప్పండి.

మోడరేటర్

షాపుల పేర్లు, ఫోన్ నంబర్లు థ్రెడ్‌లో వద్దు. మెసేజ్‌లో ఇచ్చుకోండి.

స్పానర్_17

మెసేజ్ పెట్టాను. పార్ట్ గురించి ఇక్కడే చెబుతా, అందరికీ పనికొస్తుంది. ఒకే మోడల్ కారుకి వేరియంట్‌ని బట్టి క్లాక్ స్ప్రింగ్ మారుతుంది. బటన్లు లేనిదానికి తక్కువ వైర్లు, బటన్లున్నదానికి ఎక్కువ, క్రూజ్ కంట్రోల్ ఉంటే ఇంకా ఎక్కువ. డబ్బా ఒకేలా ఉంటుంది, వెనక కప్లర్ వేరు. ఛాసిస్ నంబర్ చెప్పి పార్ట్ నంబర్ తీయించండి, లేదా పాతది విప్పి వెనక స్టిక్కర్ ఫొటో తీసి తీసుకెళ్లండి. మీకు బయటిది 2 వేలు అన్నారు కదా, అందులో మంచివీ ఉన్నాయి, చెత్తా ఉంది. చెత్తదానిలో రిబ్బన్ పల్చగా ఉంటుంది, తిప్పితే డబ్బాకి రాసుకుంటున్న చప్పుడు చేతికి తెలుస్తుంది. పాత బండికి 9 వేలు ఎందుకని మీకనిపించొచ్చు, నన్నడిగితే ఇది పేరు తెలిసిన కంపెనీదే వెయ్యండి. డబ్బు మిగల్చాలనుకుంటే సీటు కవర్ల దగ్గర మిగల్చండి.

లైన్లో_లారీ

ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లలో విప్పిన బండ్లవి దొరుకుతాయిగా, సగం ధరకే.

పటమట_పెద్దాయన

దొరుకుతాయి, జాగ్రత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో చూశాం కదా. మా బంధువుల కారు స్టీరింగ్ దాకా బురదనీళ్లలో ఉంది. అలా మునిగిన బండ్ల సామాను పైకి కడిగితే కొత్తగా మెరుస్తుంది. కప్లర్ పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము, డబ్బా సందుల్లో ఎండిన సన్న మట్టి కనిపిస్తే ఉచితంగా ఇచ్చినా వద్దు. అసలు ఎయిర్‌బ్యాగ్ దారిలో ఉండే వస్తువు పాతది కొనకపోవడమే నయం. పేలిన బ్యాగ్‌ని మడిచి కుట్టి అమ్మేవాళ్లు కూడా ఉంటారు, ఆ జోలికి అసలే పోవద్దు.

ఇంకోటి. ఆ కాలపు కార్లు చాలావాటికి టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్ల (బ్యాగ్‌ని పొంగించే భాగం) రీకాల్ ఉంది. లోపలి రసాయనం ఏళ్ల తరబడి వేడికీ తేమకీ పాడై, బ్యాగ్ తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు ఎగిరేవి. ప్రపంచమంతా కోట్ల కార్లు వెనక్కి పిలిచారు, ఆ దెబ్బకి 2017లో కంపెనీయే దివాలా తీసింది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన ఊళ్లో వేడికీ తేమకీ కరువా? మీ కార్ల కంపెనీ సైట్‌లో ఛాసిస్ నంబర్ కొట్టి చూడండి. రీకాల్ ఉంటే ఇన్‌ఫ్లేటర్ ఉచితంగా మారుస్తారు. క్లాక్ స్ప్రింగ్‌కీ దీనికీ సంబంధం లేదు, ఎలాగూ స్టీరింగ్ విప్పుతున్నారు కాబట్టి చెప్పాను.

కృష్ణలంక_కుర్రాడు

సొంతంగా ఎవరైనా చేశారా? అంత కష్టమా?

అరండల్‌పేట_అక్క

మా నాన్నగారి కారుకి నేనే చేశాను తమ్ముడూ. కష్టం లేదు, ఓపిక కావాలి. ఎయిర్‌బ్యాగ్ అంటే టెన్షన్ ఉన్నవాళ్లు, మాన్యువల్ దొరకనివాళ్లు చెయ్యొద్దు.

ముందు టైర్లు సూటిగా పెట్టి బండి ఆపాలి. బ్యాటరీ నెగెటివ్ తీసి, అది మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టాలి. వెంటనే మొదలుపెట్టకూడదు. బ్యాటరీ తీసేసినా బ్యాగ్ పేల్చడానికి సరిపడా కరెంటు కంప్యూటర్‌లోని కెపాసిటర్‌లో కాసేపు నిలవుంటుంది. మాన్యువల్స్‌లో ఎంతసేపు ఆగాలో ఉంటుంది, కారుని బట్టి ఒక నిమిషం నుంచి పది నిమిషాల దాకా. నేను లోపలికెళ్లి టీ పెట్టుకుని తాగి వచ్చాను.

బ్యాగ్ తీసేటప్పుడు స్టీరింగ్ వెనక రెండు పక్కల బోల్టులుంటాయి, చాలావాటికి టీ30 నక్షత్రపు బిట్. కొన్నింటికి బోల్టులుండవు, లోపల తీగ క్లిప్ నొక్కాలి. బ్యాగ్ చేతిలోకి వచ్చాక కవర్ వైపు నీకు దూరంగా పట్టుకో, బల్ల మీద పెట్టేటప్పుడు కవర్ పైకి ఉండాలి. బోర్లా పెడితే, ఒకవేళ పేలితే మొత్తం యూనిట్ రాకెట్‌లా పైకి లేస్తుంది.

నడుమ నట్టు తీసే ముందు షాఫ్ట్ మీదా స్టీరింగ్ మీదా కలిపి ఒక తెల్ల గీత పెయింట్‌తో గియ్యాలి. ఆ గీత లేకపోతే మళ్లీ అదే పల్లులో కూర్చోబెట్టడం నరకం. నట్టు పూర్తిగా తియ్యకుండా రెండు మూడు చుట్లు ఉంచి స్టీరింగ్ లాగాలి, లేకపోతే ఊడి వచ్చి మూతికి తగులుతుంది. రాకపోతే పుల్లర్ వాడాలి. సుత్తితో షాఫ్ట్ మీద కొట్టకూడదు, గుద్దుకున్నప్పుడు కుంచించుకుపోయేలా చేసిన కాలమ్ అది, దెబ్బలకి లోపలి భాగాలు పాడవుతాయి.

కొత్తదానికి ఒక ప్లాస్టిక్ పిన్ను గానీ స్టిక్కర్ గానీ ఉంటుంది, అది నడిమధ్యలో లాక్ చేసి పంపుతారు. బిగించేదాకా దాన్ని తియ్యొద్దు. ఎవరైనా ఆడుకుంటూ తిప్పేసి ఉంటే మాత్రం, ఒక వైపు మెల్లగా ఆగేదాకా తిప్పి, అక్కడి నుంచి మాన్యువల్‌లో చెప్పినన్ని చుట్లు వెనక్కి తిప్పి, బాణం గుర్తులు కలపాలి. బలం పెట్టకూడదు, ఆగిందనిపించగానే ఆగాలి. చివర నట్టుకి మాన్యువల్‌లో ఉన్నంత టార్క్, అంతే. కప్లర్లన్నీ పెట్టాకే బ్యాటరీ కలపాలి. బ్యాగ్ కప్లర్ పీకి ఉండగా తాళం తిప్పితే కొత్త కోడ్ పడుతుంది.

కృష్ణలంక_కుర్రాడు

అక్కా, నేను టీ పెట్టడం వరకు చేస్తాను.

బెంజిసర్కిల్_బీటెక్

ఈఎస్‌సీ (బండి జారిపోకుండా అదుపు చేసే సిస్టమ్) ఉన్న కార్లకి ఇంకో తిరకాసు ఉంది. కొన్నింటిలో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ కూడా ఇదే డబ్బాలో ఉంటుంది. మార్చాక స్కానర్‌తో కాలిబ్రేషన్ చేయించకపోతే ట్రాక్షన్ లైట్ వెలుగుతుంది. 2011 కారుకి ఆ గొడవ ఉండకపోవచ్చు, అయినా చూసుకోండి.

బ్రాడీపేట_4/14

పని అయిపోయిందండీ. మెసేజ్‌లో వచ్చిన ఎలక్ట్రీషియన్ దగ్గరే, ఆటోనగర్‌లో. కంపెనీ పార్టే వేయించాను. పక్కనే నిలబడి మొత్తం చూశాను. ఆయనా ముందు టైర్లు సూటిగా పెట్టి, బ్యాటరీ తీసి, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. నేను తొందరపెడితే "మీ టైమ్ కంటే నా మొహం ముఖ్యం సార్" అన్నాడు.

పాత డబ్బా మూత స్క్రూడ్రైవర్‌తో లేపి చూపించాడు. గోధుమరంగు రిబ్బన్ లోపలి కొస దగ్గర వెనక్కి మడిచిపోయి ఉంది. మడతలో నాలుగు పట్టీలు పూర్తిగా తెగాయి, ఒకటి సన్నటి పీచులా వేలాడుతోంది. బహుశా మొదట్లో వెలిగి ఆరిపోయిన లైట్ దాని పుణ్యమే. గరగరమన్నది ఆ మడత డబ్బా గోడకి రాసుకోవడం, అక్కడ తెల్లగా గీత పడిపోయింది. ఓమ్_మీటర్ గారి లెక్క ఆయనకి చదివి వినిపించాను. ఏమీ అనకుండా తెగిన డబ్బాని తిప్పి చూపించాడు. టైర్లు సూటిగా ఉండగా తీసినది నడిమధ్యలో ఉండాలి కదా, సరిగ్గా ఒక చుట్టు తేడా.

కోడ్ చెరిపాక తాళం తిప్పితే లైట్ వెలిగి ఆరిపోయింది. హారన్ మోగింది. బటన్లు పనిచేస్తున్నాయి. రెండు వైపులా ఫుల్ లాక్ వేసి చూశాం, చప్పుడు లేదు.

ఒక్క చిన్న విషయం. హైవే మీద సూటిగా వెళుతుంటే స్టీరింగ్ కాస్త ఎడమకి వాలి ఉంటోంది. ర్యాక్ చేసినప్పటి నుంచి ఉందేమో, అప్పుడు గమనించలేదు. స్టీరింగ్ మళ్లీ విప్పి ఒక పల్లు జరిపించనా?

స్పానర్_17

విప్పొద్దు సార్. తెల్ల గీత ప్రకారమే బిగించారుగా, స్టీరింగ్‌లో తప్పు లేదు. ర్యాక్ దించినప్పుడు టై రాడ్లు (ర్యాక్‌ని టైర్లకి కలిపే కడ్డీలు) కదిలి ఉంటాయి. వీల్ అలైన్‌మెంట్‌కి వెళ్లండి, ముందు స్టీరింగ్‌ని సూటిగా పెట్టి క్లాంప్ బిగించి, ఆ తర్వాత రెండు టై రాడ్లూ సరిచెయ్యమనండి. కొందరు ఒక్క రాడే తిప్పి వదిలేస్తారు, అప్పుడు టైర్లు బాగుంటాయి గానీ స్టీరింగ్ వాలే ఉంటుంది. అంత కొద్ది వాలుకి క్లాక్ స్ప్రింగ్‌కి ఏమీ కాదు, దానికి కావలసినంత సందు ఉంది.

బ్రాడీపేట_4/14

సరేనండీ, శనివారం చేయిస్తాను. పాత డబ్బా నా దగ్గరే ఉంది, ర్యాక్ చేసిన షెడ్డు ఆయనకి చూపించడానికి దాచాను.

మిర్చియార్డ్_మావ

చూపిస్తే ఏమంటాడో ఇక్కడ రాయి. నాకు తెలిసి "బండి పాతది సార్" అంటాడు.